‘ఎందుకు?’ అని వదలకుండా అడిగే పిల్లలకు జవాబు చెప్పడం ఎలా?

తిరుపతిలో చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. గేటు దగ్గర తల్లులు, తాతలు నన్ను ఆపి అడిగేవి ఎప్పుడూ రెండే. అన్నం తినడం లేదు, ఏం చేయాలి? ప్రశ్నలతో ప్రాణం తీస్తున్నాడు, ఏం చేయాలి? అన్నం సంగతి ఇంకోసారి చూద్దాం. రెండోదానికి నిలబడి ఒక్కొక్కరికీ చెప్పే బదులు వరసగా రాసిపెడితే మేలనిపించింది.

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఇది పనికొస్తుంది. ముందే చెప్తున్నా, ప్రశ్నలు ఆపించే ఉపాయం ఇందులో లేదు. ఒకే ప్రశ్నని పట్టుకుని పదిసార్లు అడగడం మాత్రం తగ్గుతుంది. చిన్నపిల్లల ప్రశ్నల మీద 2009లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. పెద్దవాళ్లు కారణం చెప్పినప్పుడు పిల్లలు సరేనన్నారు, లేదా దాని మీద తర్వాతి ప్రశ్న వేశారు. కారణం చెప్పకుండా ఏదో ఒకటి అన్నప్పుడు మళ్లీ అదే ప్రశ్న వేశారు, లేదా సొంతంగా ఒక కారణం అల్లుకున్నారు. సిద్ధాంతం ఇంతే. కింద రాసిందంతా దీన్ని ఇంట్లో ఎలా వాడుకోవాలనేదే.

ఏమేం కావాలి?

- ఒక చిన్న నోటు పుస్తకం, దారంతో కట్టిన పెన్సిల్. వంటింట్లో చేతికందే చోట వేలాడదీయండి.
- టార్చి లేదా ఫోన్ లైటు, గాజు గ్లాసు, కొన్ని చుక్కల పాలు. వీలైతే ఒక భూతద్దం.
- ప్రశ్నకు రెండు నిమిషాల పూర్తి ధ్యాస. ఫోన్ చూస్తూ ‘ఊఁ’ కొట్టేది లెక్కలోకి రాదు.
- ఇంట్లో పెద్దవాళ్లతో ముందే ఒక మాట. అవ్వ ఒకటి, నాన్న ఇంకొకటి చెప్తే ఆ రెండిటి మధ్య ఇంకో పది ప్రశ్నలు పుడతాయి.

ఖరీదైన సైన్స్ కిట్లు, బొమ్మల ఎన్‌సైక్లోపీడియాలు అక్కర్లేదు. కొన్నవాళ్ల ఇళ్లలో అవి అల్మారా మీదే ఉన్నాయి.

1. ముందు అది ఏ రకం ప్రశ్నో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తడబడతారు. పిల్లల నోట ‘ఎందుకు’ అని వచ్చినంత మాత్రాన అది కారణం కోసం అడిగిందే కానక్కర్లేదు. నాలుగు రకాలుంటాయి.

తెలుసుకోవాలని అడిగేవి. ‘చీమలు వరసలోనే ఎందుకు పోతాయి?’ వీటికి కారణం చెప్పాలి.

భయంతో అడిగేవి. కొండకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పాప ‘బస్సు కింద పడిపోతాదా అమ్మా?’ అంటుంది. గేర్లు, బ్రేకులు, డ్రైవర్ లైసెన్సు గురించి మీరెంత చెప్పినా ఆ ప్రశ్న ఆగదు. ముందు దగ్గరికి తీసుకోండి. ‘మలుపు దగ్గర భయమేసిందా? డ్రైవర్ మామ రోజూ ఇదే దారిలో పోతాడు, అందుకే మలుపు రాగానే మెల్లగా తిప్పుతాడు, చూడు’ అనండి. పైకి పోయేందుకు ఒక రోడ్డు, కిందికి వచ్చేందుకు ఇంకొక రోడ్డు ఉన్నాయనీ, ఎదురుగా బండి రాదనీ చెప్తే ఇంకా నెమ్మదిస్తారు.

తోడు కోసం అడిగేవి. మీరు ఫోన్లో ఉన్నప్పుడే ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చి, జవాబు వినకుండానే తర్వాతిది అడుగుతున్నారంటే పిల్లలకు కావలసింది జవాబు కాదు, మీరు.

పని తప్పించుకునేందుకు అడిగేవి. లైటు ఆపి పడుకోమన్న వెంటనే చంద్రుడి మీద, చేపల మీద, తాత మీసాల మీద పుట్టుకొచ్చే ఆసక్తి ఈ రకం. ‘నోటు పుస్తకంలో రాస్తాను, పొద్దున చెప్తాను’ అనండి. రాయండి కూడా. రాయకపోతే మర్నాడు రాత్రి ఈ ఉపాయం పనిచేయదు.

ఏ రకమో తెలియకపోతే గొంతు వినండి, మొహం చూడండి. అప్పటికీ తేలకపోతే రెండో అంచెకు పోండి.

2. ‘నీకేమనిపిస్తా ఉంది?’ అని ఒక్కసారి తిరిగి అడగండి

మా బడిలో ఒక బాబు ‘కొండమీద చలి ఎందుకు ఉంటాది?’ అని అడిగాడు. నీకేమనిపిస్తా ఉందంటే ‘స్వామికి పెద్ద ఏసీ ఉంది’ అన్నాడు. నేరుగా వాతావరణం గురించి మొదలుపెట్టి ఉంటే ఆ ఏసీ వాడి తలలో అలాగే ఉండిపోయేది. పిల్లల మనసులో అప్పటికే ఒక జవాబు ఉంటుంది. అది బయటికొస్తే మీరు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

నేను చెప్పింది ఇదీ: ‘ఏసీ కాదు నాయనా. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి చల్లబడుతుంది. కొండ బాగా ఎత్తు కదా, అందుకే చలి.’ పెద్దవాళ్లకు లెక్క కావాలంటే, తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి నాలుగైదు డిగ్రీల తేడా వస్తుంది. ఈ అంకెలు మీకు, పిల్లలకు కాదు.

జాగ్రత్త: ఒక ప్రశ్నకు ఒక్కసారే తిరిగి అడగండి. మూడుసార్లు ‘నువ్వే చెప్పు, నువ్వే చెప్పు’ అంటే అది పరీక్ష అవుతుంది. పరీక్ష పెట్టే మనిషిని పిల్లలు మళ్లీ ప్రశ్న అడగరు. వాళ్లు చెప్పిన జవాబుకు పడీపడీ నవ్వి, సాయంత్రం అత్తకు ఫోన్ చేసి వాళ్ల ముందే చెప్పడం ఇంకా చేటు. ఏసీ మాటకు నాకూ నవ్వొచ్చింది, గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.

3. ఒక్క వాక్యం చెప్పండి. నిజం చెప్పండి. ఆగండి

‘అందుకే’, ‘కాబట్టి’, ‘వల్ల’ అనే మాటల్లో ఏదో ఒకటి మీ వాక్యంలో ఉందేమో చూసుకోండి. లేకపోతే మీరు కారణం చెప్పలేదని అర్థం. ‘అది అంతే’, ‘దేవుడు అట్లా చేసినాడు’, ‘పెద్దయితే తెలుస్తుంది’ అన్నవాటిలో కారణం లేదు. అందుకే అదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఒక వాక్యం చెప్పి పిల్లల మొహం చూడండి. ఇంకా కావాలంటే వాళ్లే అడుగుతారు. మన ఊళ్లో తరచుగా వచ్చే కొన్ని ప్రశ్నలకు నేను వాడే వాక్యాలు ఇవి. మీ ఇంటి మాటలోకి మార్చుకోండి.

‘గుండు కొడితే నొప్పి ఎందుకు లేదు?’ జుట్టులో నొప్పి తెలిసే నరాలు లేవు, అందుకే కోస్తే నొప్పి ఉండదు. తర్వాతి ప్రశ్న ఖాయం: ‘మరి లాగితే ఎందుకు నొప్పి?’ జుట్టు కుదురు చర్మం లోపల ఉంటుంది, దాని చుట్టూ నరాలున్నాయి కాబట్టి. ఆ తర్వాత: ‘మళ్లీ ఎట్లా వస్తాది?’ కత్తి పైనున్న జుట్టునే తీసింది, కుదురు లోపలే ఉంది, అందుకే మళ్లీ మొలుస్తుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కల్యాణకట్ట నుంచి వచ్చిన రోజే స్కేలు తీసి నెలనెలా కొలిపించండి. గుండు చేయించుకున్న నాన్న తల అయితే పిల్లలకు ఇంకా ఇష్టం.

‘ఘాట్‌లో చెవులు ఎందుకు మూసుకుపోతాయి?’ పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, చెవి లోపల ఉన్న గాలి బయటికి తోస్తుంది కాబట్టి బిగుసుకున్నట్టు ఉంటుంది. గుటక వేస్తే లోపలి దారి తెరుచుకుని సర్దుకుంటుంది. ఇక్కడ మాటకంటే చప్పరించే బిళ్ల ఒకటి ఇవ్వడం మేలు. మూడేళ్ల వాళ్లకు గట్టి బిళ్ల వద్దు, గొంతులో అడ్డం పడుతుంది. నీళ్లు తాగించండి.

‘కపిలతీర్థంలో నీళ్లు ఏమైపోయినాయి?’ ఇది ఎండాకాలం ప్రశ్న. కొండమీద కురిసిన వానే అక్కడ దూకుతుంది, వాన లేదు కాబట్టి నీళ్లు లేవు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అప్పుడు ఒకసారి, మే నెలలో ఒకసారి అదే చోట నిలబెట్టి ఫోటో తీయండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే మీరింకేం చెప్పక్కర్లేదు.

‘కొండను ఎవరు కట్టినారు?’ ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, కాస్త ఎక్కువ చెప్తాను. ఎవరూ కట్టలేదు, ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయి అయింది. ఘాట్ రోడ్డు పక్కన కోసిన కొండ చెక్కులో పొరలు పొరలుగా రాళ్లు కనిపిస్తాయి, చూపించండి. అదే దారిలో, కింద పాత గ్రానైటు, దాని మీద పొరల రాయి ఆనుకున్న చోటును భూగర్భ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గుర్తించి బోర్డు పెట్టారు. ఆ రెండు రాళ్ల మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉందట. పైన గుడికి దగ్గరలోనే ఉన్న శిలాతోరణం కూడా ఆ పొరల రాయే, గాలీ నీరూ అరగదీస్తే తోరణంలా మిగిలింది. దాని వయసు దాదాపు 150 కోట్ల ఏళ్లని చెప్తారు. ఈ అంకె పిల్లలకు చెప్తే ‘వందకంటే ఎక్కువా?’ అంటారు. ‘డైనోసార్లు పుట్టకముందు’ అనండి. నోరు తెరుస్తారు.

‘రాకెట్ కనిపించింది, సౌండు ఏది?’ శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. ఆకాశం తేటగా ఉన్న రోజు ప్రయోగం ఉంటే మిద్దెలెక్కి చూస్తాం కదా. వెలుగు చిటికెలో వస్తుంది, శబ్దం మెల్లగా నడుచుకుంటూ వస్తుంది, అంత దూరం వచ్చేసరికి నీరసపడిపోతుంది, అందుకే వినపడదు.

‘పచ్చి మామిడికాయ పండితే పసుపు ఎందుకవుతాది?’ కాయలో పచ్చరంగు, పసుపురంగు రెండూ ఉంటాయి, పండేటప్పుడు పచ్చరంగు విరిగిపోతుంది కాబట్టి పసుపు బయటపడుతుంది. తోతాపురి కాయ ఒకటి బియ్యం డబ్బాలో పెట్టి రోజూ తీసి చూడనివ్వండి.

4. చేసి చూపించగలిగితే చూపించండి

అన్నిటికీ ప్రయోగం అక్కర్లేదు. కింద మూడూ ఖర్చు లేనివి, తప్పనివి.

ఆకాశం నీలం ఎందుకు? గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి నాలుగైదు చుక్కల పాలు కలపండి. గది చీకటి చేయండి. గ్లాసుకు ఒక పక్క నుంచి టార్చి వేయండి. పక్కగా చూస్తే నీళ్లు లేత నీలంగా ఉంటాయి, టార్చికి ఎదురుగా చూస్తే లైటు పసుపుగా, నారింజగా కనిపిస్తుంది. ‘ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి. గాలి నీలాన్ని ఎక్కువగా నలువైపులా చిమ్ముతుంది కాబట్టి ఆకాశం నీలం. సాయంత్రం సూర్యుడి వెలుగు చాలా గాలి దాటి రావాలి, నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది.’ కనపడకపోతే పాలు ఎక్కువై ఉంటాయి. తెల్లగా చిక్కబడితే సగం పారబోసి నీళ్లు కలపండి. ఎక్కువమందికి పాలు పోసేటప్పుడే చెడుతుంది.

పిడుగు ఎంత దూరంలో పడింది? మెరుపు చూడగానే లెక్క మొదలుపెట్టి ఉరుము వినపడేదాకా లెక్కించండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఇంట్లో, కిటికీకి దూరంగా కూర్చుని చేయాలి. మిద్దె మీద, వరండాలో వద్దు. ఉరుముకు భయపడే పిల్లలకు ఇది మందులా పనిచేస్తుంది, లెక్కలో పడితే భయం మరిచిపోతారు.

గాలికి బరువుందా? హార్స్‌లీ హిల్స్‌కి పోయినప్పుడు పైన ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత గట్టిగా బిగించి, మదనపల్లెకు దిగాక చూపించండి. కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. కింద గాలి ఎక్కువగా నొక్కుతుంది కాబట్టి అట్లా అయింది. సీసా పలచనిదై ఉండాలి. తిరుమలలో ఇది కుదరదు, ప్లాస్టిక్ సీసాలు నిషేధం.

వీలుకాకపోతే: బొమ్మ గీయండి. మీ బొమ్మ ఎంత చెడ్డగా ఉంటే పిల్లలు అంత ఉత్సాహంగా దిద్దుతారు.

5. తెలియకపోతే ‘తెలీదు’ అని రాసుకోండి

తెలీదనడం తప్పు కాదు. తెలీదని చెప్పి వదిలేయడం తప్పు. ‘నాకు తెలీదు, రాసుకుందాం’ అని నోటు పుస్తకంలో పిల్లల ముందే రాయండి. రాయడం రాని పిల్లలైతే బొమ్మ గీయించండి. ఆదివారం ఒక వేళ పెట్టుకుని ఒకటో రెండో తేల్చండి, అన్నీ అక్కర్లేదు.

ఎక్కడ వెతకాలి? మనకు అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉంది. ‘పులికి చారలు ఎందుకు?’ అన్న ప్రశ్న పట్టుకుని జూకి పోవడం వేరు, ఊరికే పోయి ఐస్‌క్రీమ్ తిని రావడం వేరు. ఒక్క ప్రశ్నతో పోండి. రోజూ కనపడే మనుషులను మరిచిపోవద్దు. మామిడి కాపు గురించి తోట మామను, కుక్కర్ విజిల్ గురించి స్టవ్ రిపేరు చేసే అన్నను పిల్లలతోనే అడిగించండి.

జాగ్రత్త: ఫోన్‌లో వెతకొచ్చు, కానీ ముందు మీరు చదివి తర్వాత మీ నోటితో చెప్పండి. ఫోన్ పిల్లల చేతికిస్తే ప్రశ్న అక్కడే పోతుంది, వీడియో మిగులుతుంది.

6. వేళ కాని వేళ వచ్చిన ప్రశ్నకు వేళ చెప్పండి

లీలామహల్ సర్కిల్ దగ్గర స్కూటర్ ట్రాఫిక్‌లో ఉంటుంది, ముందు నిలబడ్డ బాబు తల పైకెత్తి ఏదో అడుగుతాడు. వంగి వినొద్దు, జవాబు చెప్పొద్దు. ‘బండి ఆగినాక’ అనండి. ‘తర్వాత’ అని మాత్రం అనొద్దు. తర్వాత అంటే ఎప్పటికీ కాదని పిల్లలకు తెలుసు. ‘కుక్కర్ దించినాక’, ‘బస్సు దిగినాక’, ‘తాత స్నానం అయినాక’ అని వాళ్లు కళ్లతో చూడగలిగే గుర్తు చెప్పండి. ఆ వేళకు వాళ్లు మరిచిపోయినా మీరే గుర్తు చేయండి. ఇలా కొన్నాళ్లు చేస్తే ఆగమన్నప్పుడు ఆగుతారు.

అలిపిరి మెట్ల మీద వచ్చే ‘ఇంకెన్ని మెట్లు?’ అనేది కూడా ఈ రకమే. మూడువేల ఐదు వందల పైచిలుకు మెట్లని నిజం చెప్తే అక్కడే కూర్చుంటారు. ‘గాలిగోపురం దాకా పోదాం, అక్కడ కూర్చుంటాం’ అనండి.

7. గడ్డు ప్రశ్నలు

చావు. ‘అవ్వ దేవుడి దగ్గరికి పోయింది’ అని దేశమంతా చెప్తారు. తిరుపతిలో దీంతో ఒక చిక్కుంది. దేవుడు ఎక్కడుంటాడో ఇక్కడ మూడేళ్ల పిల్లకూ తెలుసు, అక్కడికి బస్సు పోతుందనీ తెలుసు. ‘అయితే రేపు కొండకి పోయి అవ్వను తీసుకొద్దాం’ అంటారు. అప్పుడు మీరేం చెప్తారు? ‘నిద్రపోయింది’ అనడం ఇంకా ప్రమాదం, నిద్రంటేనే భయపడతారు. ‘ఊరికి పోయింది’ అంటే చెప్పకుండా పోయిందని అలుగుతారు. నేరుగా చెప్పండి: ‘అవ్వ ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి తీసుకోదు, నొప్పీ ఉండదు. తిరిగి రాదు. మనకు బాధగా ఉంటుంది, ఏడవొచ్చు.’ ఆ తర్వాత మీ ఇంట్లో నమ్మేది కూడా చెప్పుకోవచ్చు, ముందు ఇది చెప్పినాక. కొన్నాళ్ల పాటు ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ ఒక్క చోట, మళ్లీ అడిగితే మీ జవాబు తప్పని కాదు. అదే జవాబు అవే మాటల్లో చెప్పండి.

చిరుత. నడకదారిలో ‘చిరుత వస్తాదా?’ అని అడుగుతారు. రాదు అని చెప్పడానికి లేదు. 2023 ఆగస్టులో ఆ దారిలో ఒక చిన్నారి చిరుత దాడిలో చనిపోయింది. ఆ సంగతి పిల్లలకు చెప్పక్కర్లేదు, అబద్ధమూ చెప్పొద్దు. ‘ఈ అడవిలో చిరుతలున్నాయి, అందుకే గుంపుగా పోతాం, చేయి వదలం, ముందుకు పరిగెత్తం.’ ఇందులో కారణం ఉంది, పిల్లలు చేయగలిగే పనీ ఉంది. భయంతో అడిగిన ప్రశ్నకు ఆ రెండూ కావాలి. పిల్లలతో నడిచే వేళల మీద టీటీడీ నిబంధనలు పెట్టి మారుస్తూ ఉంటుంది, బయలుదేరేముందు కనుక్కోండి.

గంగజాతర. మే నెలలో ప్రతి ఇంట్లో ఇది వస్తుంది: ‘ఆ అన్న చీర ఎందుకు కట్టుకున్నాడు?’ కథ చెప్పండి. ఆడవాళ్లను పీడించిన పాలెగాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషం వేసి వెతికి చంపిందని మన ఊరి కథ, అందుకే జాతరలో మొక్కుకున్నవాళ్లు వేషాలు వేస్తారు. ‘మరి బూతులెందుకు తిడతా ఉన్నారు? నేనూ తిట్టొచ్చా?’ అని అడిగితే, అది ఆ వేషంలో భాగం, వేషం లేనివాళ్లు తిట్టరు అని ముగించండి. వచ్చే ఏడాది వేషం వేస్తానని అంటారు, ఆ బేరం మీరు చూసుకోండి.

ఇక్కడ ఒక పద్ధతి పాటించండి. ‘ఇది కథ’, ‘ఇది కారణం’ అని రెండిటినీ విడిగా చెప్పండి. అవ్వ ఏడుకొండలు ఆదిశేషుడి పడగలని చెప్తే అడ్డం పడొద్దు. అది కథగా నిలుస్తుంది. ఇసుక గట్టిపడి రాయి కావడం కారణంగా నిలుస్తుంది. పిల్లలకు రెండూ పడతాయి, కొట్టుకునేది పెద్దవాళ్లే.

‘పాప ఎక్కడి నుంచి వచ్చింది?’ ‘అమ్మ కడుపులో పాప పెరిగే ఒక సంచి ఉంటుంది, అక్కడ పెరిగింది.’ ఐదేళ్లకు చాలామందికి ఇది చాలు. ఆసుపత్రిలో కొన్నామని చెప్పొద్దు, తమ్ముడు ఏడ్చినప్పుడల్లా వెనక్కి ఇచ్చేయమంటారు.

క్యూలో గట్టిగా ‘ఆయనకి కాలు ఎందుకు లేదు?’ అని అడిగితే నోరు నొక్కొద్దు. మీరు నొక్కినప్పుడే అది సిగ్గుపడాల్సిన సంగతి అవుతుంది. ‘కొందరికి దెబ్బ తగిలో, జబ్బు వల్లో కాలు తీసేయాల్సి వస్తుంది. ఆయన కర్రతో నడుస్తారు’ అని మామూలు గొంతుతో చెప్పండి. ఆయన చూస్తే నమస్కారం పెట్టండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఉపన్యాసం. చదువుకున్న నాన్నలు ఎక్కువగా చేసేది ఇదే. వాన గురించి అడిగితే నీటి చక్రం మొత్తం చెప్తారు. పిల్ల మధ్యలో లేచిపోతే ‘వీళ్లకు శ్రద్ధ లేదు’ అంటారు.

ముద్దు అబద్ధం. విత్తనం మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని నవ్వుతూ చెప్తారు. ఆ రాత్రి పిల్ల కడుపు పట్టుకుని ఏడుస్తుంది.

‘అధికప్రసంగి’ అనడం. చుట్టాల ముందు ఒక్కసారి అంటే చాలు, బయట ప్రశ్నలు ఆగిపోతాయి. రెండేళ్లకు బడిలో టీచరు ‘డౌట్లు అడగడు’ అని మీకే ఫిర్యాదు చేస్తుంది. తాతలకు ఈ మాట ఊతపదంలా ఉంటుంది. వాళ్లను ఎదురుగా తప్పుపట్టకండి. ‘నాయనా, వీడి ప్రశ్నల్లో రోజుకొకటి మీరు చెప్పండి’ అని పని అప్పగించండి. చాలా ఇళ్లలో అవ్వాతాతలే నాకంటే బాగా చెప్తున్నారు.

ప్రతిదానికీ ‘వెరీ గుడ్ క్వశ్చన్’ అనడం. నాలుగోసారికి అది చప్పబడిపోతుంది. జవాబు చెప్పండి, అదే మెప్పు.

ఏ భాషలో చెప్పాలని ఇంగ్లీష్ మీడియం తల్లులు అడుగుతారు. ఏ భాషలో అడిగితే ఆ భాషలో.

పనిచేసిందో లేదో ఎలా చూసుకోవాలి?

అప్పటికప్పుడు: మీరు చెప్పాక తర్వాతి ప్రశ్న వచ్చిందా? అయితే పనిచేసింది. అదే ప్రశ్న మళ్లీ వచ్చిందా? అయితే ప్రశ్న రకం తప్పుగా పట్టుకున్నారు, లేదా కారణం చెప్పలేదు. ఒకటో అంచెకు పోండి. గట్టిగా చెప్పడం వల్ల లాభం లేదు.

మర్నాడు: ‘తమ్ముడికి చెప్పు’ అనండి. తమ్ముడు లేకపోతే బొమ్మకు. సగం తప్పుగా చెప్తారు, దిద్దకండి. ‘జుట్టుకు కాళ్లు లోపల ఉంటాయి’ అని ఒక పాప చెప్పింది, కుదురు సంగతి దానికి పట్టిందని అర్థం. పూర్తిగా తలకిందులైతే ఆదివారం మళ్లీ చూపించండి.

నెల తర్వాత: నోటు పుస్తకం తిరగేయండి. మొదట్లో ‘ఇదేంది, అదేంది’లు ఎక్కువుంటాయి. క్రమంగా ‘ఎట్లా’లు, ‘అట్లా కాకపోతే ఏమవుతాది’లు వస్తాయి. తేల్చిన ప్రశ్నల పక్కన టిక్కు ఉండాలి. టిక్కులు లేని పేజీలు ఎక్కువైతే పిల్లలు రాయించడం మానేస్తారు, అప్పుడు కొత్తవి ఆపి పాతవి తేల్చండి.

కొన్ని సందర్భాల్లో ఈ పద్ధతి పనికిరాదు. జవాబు పట్టకుండా అదే వాక్యాన్ని యంత్రంలా రోజంతా అంటున్నా, పిలిస్తే పలకకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, మూడేళ్లు దాటినా చిన్న వాక్యాలు రాకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. చెవులు కూడా పరీక్ష చేయించండి. అంతకుముందు గలగలా అడిగే పిల్లలు ఉన్నట్టుండి మూగబోతే ముందు బడిలో, ఇంట్లో ఎవరు కసురుతున్నారో కనుక్కోండి.